చిత్రం ఎక్కడ మొదలవుతుంది?

 

ఆందోళన అదుపు తప్పిన వీధిలో, వార్తల కెమెరా పట్టిన మాకు ఎదుటి నుంచి రాళ్లు, వెనుక నుంచి లాఠీలు. అంతకంటే మమ్మల్ని బాధించేది ఒక ప్రశ్న: చిత్రీకరణ ఏ క్షణాన మొదలుపెట్టాం?

2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. ఆగ్రహించిన జనం వీధిలోకి వచ్చారు, రాళ్లు పడ్డాయి, పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు నేలకొరిగారు. ఆ కాల్పులపై జస్టిస్ భాస్కరరావు కమిషన్ విచారణ జరిపింది.

ఆనాటి కథను రాళ్లతో మొదలుపెడితే ఆప్తులను పోగొట్టుకున్నవారే అల్లరిమూక అవుతారు. రాళ్లను దాచినా అది సగం నిజమే. పేలుడు, రాళ్లు, కాల్పులు మూడూ వరుసగా ఉన్నదే సాక్ష్యం.

నేడు ప్రతి ఇంటా ఫోను ఉంది. యువకులారా, మనవాళ్ల తప్పు కనిపించినా దృశ్యాన్ని కత్తిరించకండి. తేదీ, సమయం, చోటు రాసుకోండి. అసలు ప్రతిని భద్రపరచి న్యాయవాదికి అప్పగించండి. కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అవసరం. ఆవేశంలో వాట్సాప్‌లో పంచిన ముక్క మరో వీధిలో మంట పెడుతుంది. పూర్తి దృశ్యం మన దగ్గర భద్రంగా ఉంటే, ఏ అమాయకుడిపై కేసు పడినా ఆ రోజు అతనికి అండగా నిలబడగలం.