ద్వారం వారి ఫిడేలు
(అల్ మన్సూరా తెలుగు తరగతిలో చేసిన ప్రసంగం)



మీలో కొందరు బడిలో పియానో నేర్చుకొంటూ ఉండవచ్చు. పియానోకు 88 మెట్లు. ఒక్కొక్క మెట్టు నొక్కితే ఒక్కొక్క స్వరం పలుకుతుంది. మెట్టుకూ మెట్టుకూ నడుమ స్వరమేదీ లేదు. మన కర్ణాటక సంగీతానికి ఆ నడిమి చోటే ప్రాణం. స్వరాన్ని ఊపుతూ, ఒక స్వరం నుండి ఇంకొక స్వరానికి జారుతూ పాడడాన్ని గమకం అంటారు. ఇక్కడ దోహాలో మీరు వినే ఊద్ వాద్యానికి మెట్లు లేవు కదా! తీగమీద వేలు ఎక్కడికైనా జారుతుంది. ఫిడేలు కూడా అటువంటిదే. కనుకనే ఐరోపా వాద్యాలలో పియానోకు దొరకని చోటు మన కచేరీలలో ఫిడేలుకు దొరికింది.

ఫిడేలును మన సంగీతానికి అలవాటు చేసినవారిలో ముఖ్యుడు బాలుస్వామి దీక్షితులు. ఈయన వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడు. కతారా వేదికమీద ఫిడేలును గడ్డం కింద ఆనించుకొని వాయించడం మీరు చూసి ఉంటారు. మనవాళ్లు నేలమీద కూర్చుంటారు. వాద్యం ఒక కొనను కుడికాలి మడమ దగ్గర, రెండవ కొనను ఎడమ భుజం దగ్గర ఆనిస్తారు. అప్పుడు ఎడమచేయి బరువు మోయనక్కరలేదు, హాయిగా జారవచ్చు.

ఆ ఫిడేలుకు ఆంధ్రదేశంలో గొప్ప పేరు తెచ్చినవారు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు. ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు, విశాఖపట్నంలో పెరిగారు. తొలి గురువు సొంత అన్నగారైన వేంకటకృష్ణయ్యగారే. నాయుడుగారికి చూపు చాలా తక్కువ. పుస్తకం చదవడం కష్టం. అందుకని చెవిని నమ్ముకొన్నారు. గంటల తరబడి సాధన చేశారు.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతిరాజుగారు ఒక గానపాఠశాల స్థాపించారు. దాని పుట్టుక గురించి ఒక ముచ్చట చెబుతారు. ఆస్థానంలోని చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజుకు కళ్లు కనిపించవు. ఆ బాలుడు సంగీతం నేర్చుకోవాలనే తలపే పాఠశాలకు కారణమట! ఒక్క పిల్లవాని కోసం మొదలైన బడి ఎంతమందికి అన్నం పెట్టిందో చూడండి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు.

ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరుదామని నాయుడుగారు వెళ్లారు. అప్పటికి ఆయనకు ఇరవయ్యారవ ఏడు. నీకు ఏమి వచ్చునో వాయించు అన్నారు. ఆయన వాయించారు. విన్న పెద్దలు ఆయనను బల్లమీద కూర్చోబెట్టలేదు, ఫిడేలు ఆచార్యునిగా నియమించారు! పాఠం నేర్చుకొందామని గుమ్మం తొక్కినవాడు పాఠం చెప్పేవాడయ్యాడు. ఇది వినడానికి వేడుకగానే ఉంటుంది గాని, ఆయన భారం ఊహించండి. తానింకా నేర్చుకోవలసినవాడినే అనుకొనే మనిషి మరునాటినుండి శిష్యులకు ఎదురుగా కూర్చోవాలి. చూపు ఆననివానికి శిష్యుని వేలు ఎక్కడ తప్పిందో కంటికి తెలియదు. చెవికే తెలియాలి.

ఆయన కమాను పట్టు ప్రత్యేకమైనది. కమాను అంటే గుర్రపు వెంట్రుకలు బిగించిన కర్ర. దానిని పొడవుగా, తెగకుండా లాగేవారు. అందువల్ల నాదం గాయకుని గొంతులాగ సాగేది. ఆ రోజులలో ఫిడేలు చాలావరకు పక్కవాద్యమే, అంటే పాడేవారి వెంట నడిచేది. పాటగాడు లేకుండా ఫిడేలే కచేరీ నడపగలదని నాయుడుగారు చూపించారు. 1938లో వేలూరులో అటువంటి కచేరీ చేశారు. నన్నడిగితే, ఆయన చేసిన పనులలో పెద్దది ఇదే. బిరుదులు దీని తరువాతనే.

బిరుదులూ వచ్చాయి లెండి. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారు సంగీత కళానిధి ఇచ్చారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్‌గారి ఇంట నాయుడుగారి వాద్యం విని మెచ్చుకొన్నారు. ఐరోపా మనకిచ్చిన వాద్యాన్ని మన పద్ధతిలో వింటే ఎలా ఉంటుందో ఆయన ఆ రోజు విన్నారన్నమాట.

1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారు పాఠశాల అధ్యక్షులయ్యారు. మీ అమ్మమ్మలూ తాతయ్యలూ నేటికీ పాడుకొనే పాటల ఘంటసాల అక్కడ చదివినవారే. 1940లో నేదునూరి కృష్ణమూర్తి అనే కుర్రవాడు చేరాడు. నాయుడుగారి శిష్యుడు ద్వారం నరసింగరావుగారు అతనికి ఫిడేలూ, గాత్రమూ నేర్పారు. ఆ కుర్రవాడు పెరిగి పెద్ద గాయకుడై, తానూ సంగీత కళాశాలలకు అధ్యక్షుడై, 1991లో అదే సంగీత కళానిధి బిరుదు అందుకొన్నాడు. అప్పటికి నాయుడుగారు లేరు. 1964 నవంబరులో, డెబ్బది ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన రికార్డులు మాత్రం ఉన్నాయి. ఈ వారం ఇంట్లో పెద్దలనడిగి ఒకటి వినండి. కమాను మళ్లే చోటు మీ చెవికి పట్టుబడుతుందేమో చూసి, వచ్చే తరగతిలో నాకు చెప్పండి.