మర్రిపండులోని పాఠము

మేడిపండును పైమెరుగునకు, లోని మోసమునకు గురుతుగా చెప్పుకొనుట మన తెలుగువారికి తరతరముల అలవాటు. పండు విప్పిన పురుగులు కనిపించును. కనుక పండు చెడినదని మన తీర్పు. దాని తోబుట్టువైన మర్రిపండును గూర్చియు పిల్లలకు ఇదే మాట చెప్పుచున్నాము. ఈ తీర్పు సరియైనదేనా యని నేటి ప్రసంగమున విచారింతము.

పర్యావరణమును గూర్చి పాఠశాలలలో తప్పక బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించినది. ఆహారపు గొలుసు బొమ్మ నేటి పిల్లలకు పరిచితమే. గడ్డిని జింక, జింకను పులి తినునని వారు తడబడక ఒప్పజెప్పుదురు. కాని పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో పెరుగు బాలునికి అమ్రాబాదు అడవిలోని పులి నిత్యము కంటబడునది కాదు. ఊరి మర్రి కంటబడును. కావున పాఠమును అక్కడ ప్రారంభింపవలెనని మా విన్నపము.

మేము కొందరు పిల్లలతో ఒక మర్రి క్రింద కూర్చుండి, “ఈ చెట్టు పూచునా?” అని అడిగితిమి. పూయదని అందరును ఒక్కమాటగా పలికిరి. రాలిన పండ్లను నాలుగింటిని కోసి భూతద్దముతో చూపితిమి. మనము కాయ యనుకొనునది నిజమునకు పూలగుత్తి. చిన్నచిన్న పూలు వందలకొలది లోపలివైపునకు తిరిగి యుండును. తేనెటీగకు అవి అందవు. దోమకన్న చిన్నదైన ఒక కందిరీగజాతి ఆడ ఈగ మాత్రమే కాయ మొనయందలి సన్నని రంధ్రమున దూరును. ఆ యిరుకులో దాని రెక్కలు సాధారణముగా తెగిపోవును. తెచ్చిన పుప్పొడిని పూలకు అందించి, కొన్ని పూలలో గ్రుడ్లు పెట్టి, అది అక్కడనే మరణించును. ఆ గ్రుడ్లనుండి పుట్టిన మగ ఈగలకు రెక్కలే యుండవు. అవి జతకూడి, బయటికి దారి తొలిచి, చనిపోవును. ఆడ ఈగలు పుప్పొడిని మోసికొని మరియొక మర్రిని వెదకుచు ఎగిరిపోవును. వాని ఆయువు ఒకటి రెండు దినములే. ఆ లోపల తగిన కాయలున్న చెట్టు దొరకవలెను. ఈగ లేనిదే మర్రికి విత్తు లేదు. మర్రి లేనిదే ఈగకు పుట్టుక లేదు. మనము చెడుగనుకొన్న పురుగే ఆ చెట్టునకు మంత్రసాని!

పండిన పండ్లకు గోరువంకలు, కోకిలలు, ఉడుతలు, రాత్రివేళ గబ్బిలములు చేరును. మర్రులన్నియు ఒక్కమారే కాయవు. కనుక ఇతర పండ్లు కరవైన ఋతువునను ఎక్కడనో ఒక మర్రి పక్షులకు భోజనము పెట్టుచుండును. పక్షి రెట్టతో పడిన విత్తు తాటిమట్టల సందున మొలచి, క్రమముగా తాటిచెట్టును పెనవేసికొనుట పొలముగట్లపై చూడవచ్చును. తుదకు తాటిచెట్టు కృశించును. ఈ మాట వచ్చినప్పుడు ఒక గీతకార్మికుని మనుమడు, “మా తాతకు గీ మర్రంటే పడదు” అనెను. ఆ మాటయు పాఠములో చేర్చవలసినదే. జీవులు ఒకదానిపై నొకటి ఆధారపడుట యనగా ఒకదానిపై నొకటి దయగలిగి యుండుట కాదు.

మహబూబునగరము చెంతనున్న పిల్లలమర్రి కథయు అట్టిదే. సుమారు 700 ఏండ్ల నాటిదని ప్రతీతిగల ఆ వృక్షము మూడు నాలుగెకరముల మేర విస్తరించినది. ఊడలు నేలనంటి స్తంభములై కొమ్మలను మోయుటచేతనే మర్రికి అంతటి విస్తృతి కలుగును. చెదలు పట్టి, 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడగా సందర్శకుల ప్రవేశమును నిలిపివేసిరి. 2018లో అటవీశాఖవారు రోగికి సెలైను ఎక్కించినట్లు చెదలమందును సీసాలనుండి చుక్కచుక్కగా చెట్టునకు ఎక్కించిరి. కొమ్మలకు ఆధారముగా కాంక్రీటు స్తంభములు నిలిపిరి. ఊడలు క్షేమముగా నేల చేరుటకు గొట్టములు అమర్చిరి. ఊడ చేయు పనిని మనుష్యుడు చేయవలసి వచ్చినది!

ఇది విన్న పిల్లలు, చెదలను మొత్తముగా చంపివేయవలెనందురు. అప్పుడు మరల అడుగవలెను: అడవిలో కూలిన మ్రానును మట్టిలో కలుపువారిలో ఎవరెవరున్నారు? నల్లమలలో ఎలుగుబంటి పుట్ట త్రవ్వి దేనిని తినును? రెండింటికిని సమాధానములో చెదపురుగు వచ్చును. ఒకచోట హాని చేయునది మరియొకచోట ఆధారమగును.

ఇంట ఆడదగిన ఆట యొకటి గలదు. పిల్లలు వలయముగా నిలిచి మర్రి, ఈగ, గోరువంక, గబ్బిలము, తాటిచెట్టు, చెద, గీతకార్మికుడు అని పేర్లు పెట్టుకొని, సంబంధమున్నవారి మధ్య నూలుదారము పట్టవలెను. ఈగ తన దారము విడిచినచో ముందుగా మర్రి చేతిలోనిది, పిదప పక్షి చేతిలోనిది సడలును. మనుష్యుని మాత్రము వలయము వెలుపల నిలుపవలదు.

ఈనాటి బాలుడు రేపు రహదారి వేయించు ఇంజనీరు కావచ్చును. గట్టుమీది మర్రిని కొట్టుదమా, ఉంచుదమా యని తలపోయు రైతు కావచ్చును. గొడ్డలి ఎత్తుటకు ముందు, ఆ చెట్టుతో ఎన్ని దారములు తెగునో లెక్కించు అలవాటు అతనికి ఉండవలెను.

వచ్చు ఆదివారము పిల్లలతో మీ ఊరి మర్రి క్రిందికి పోయి రండు. పండు విప్పినప్పుడు పురుగు కనబడిన “ఛీ” యని పారవేయక, “ఇది ఏ పనిమీద వచ్చినది?” అని వారిచేత అడిగింపుడు.