సజీవ దేహమున వెలుగు జాడ

అడవికి మేతకు తోలిన ఆవు చెట్ల చాటున కంటికి కనబడదు. అయినను పశులకాపరి కలవరపడడు. దాని మెడలో గంట కట్టినాడు. గంట మ్రోగిన దిక్కున ఆవు ఉన్నదని అతని నమ్మకము. బ్రతికియున్న జంతువు దేహములో రోగము దాగిన చోటును కనుగొనుటకు శాస్త్రజ్ఞులు నేడు అవలంబించుచున్న పద్ధతి ఒకటి ఇట్టిదే. వారి ఆవు ప్రతిరక్షకము. వారి గంట వెలుగు.

ప్రతిరక్షకము మన రక్తములో సంచరించు ఒక మాంసకృత్తు. ఆకారమున పంగలకర్రను పోలియుండును. పరిమాణము మిల్లీమీటరులో లక్షవ వంతు. దాని రెండు కొమ్మల కొసలు తమకు సరిపోవు పదార్థమును మాత్రమే పట్టుకొనును. ఈ పట్టుదలను ఆధారము చేసికొని దానికొక వెలుగును తగిలించిన, అది పోయి పట్టుకొన్న చోటు మనకు తెలియును గదా! ఈ ఊహను కార్యరూపమున పెట్టినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ వైద్యుడు ఆల్బర్ట్ కూన్స్. 1941లో ఆయనయు, ఆయన సహచరులును న్యూమోనియా క్రిములను పట్టు ప్రతిరక్షకమునకు నీలముగా వెలుగు రంజకమును అతికించిరి. కాని జంతు కణజాలము తనంతట తానును కొంత నీలికాంతిని వెలువరించును. రెండు నీలములలో ఏది ఎవరిదో తెలియుట కష్టమయ్యెను. అందుచే 1942 నాటికి వారు ఆకుపచ్చగా వెలుగు ఫ్లోరెసీనును చేపట్టిరి. ఈ విద్యకు తొలినాడే ఎదురైన చిక్కు ఇది: వెలుగు కనబడినంత మాత్రమున చాలదు, అది మనము పంపిన వెలుగే యని తేలవలెను.

కూన్స్ పరీక్షించినవి పలుచగా కోసిన కణజాలపు ముక్కలు. బ్రతికియున్న జంతువులో చూడవలెనన్న చర్మము, మాంసము, రక్తము అడ్డుపడును. చీకటిలో మన పిల్లలు టార్చిలైటును అరచేతికి నొక్కిపట్టి ఆడుకొందురు. లైటులో అన్ని రంగులును ఉన్నవి. కాని చేతి ఆవలికి వచ్చునది ఎరుపు మాత్రమే. నీలమును, ఆకుపచ్చను రక్తములోని హిమోగ్లోబిను మ్రింగివేయును. ఎరుపును దాటి మరీ దూరము పోయినచో దేహములోని నీరు కాంతిని మ్రింగును. ఈ రెండింటి నడుమ, సుమారు 650 మొదలు 900 నానోమీటర్ల వరకు, ఒక కిటికీ తెరచియున్నది. ఆ కిటికీలో వెలుగు రంజకములు కావలసివచ్చెను. ఒకప్పుడు ఛాయాచిత్రపు ఫలకములకు ఎరుపు కాంతిని గ్రహించు శక్తి నిచ్చిన సయనిన్ రంజకముల వంశము ఇందుకు అక్కరకు వచ్చినది. ఒకే తీరు ప్రతిరక్షకములను కావలసినంత తయారుచేయు మార్గమును కోలర్, మిల్‌స్టీన్ 1975లోనే చూపియుండిరి. 1995లో పిట్స్‌బర్గ్ నగరమున బాలూ, వాగనర్ మొదలగువారు సయనిన్ కట్టిన ప్రతిరక్షకములను చిట్టెలుకల రక్తములోనికి ఎక్కించి, వాటి దేహమునందలి కంతులను వెలుగుగా చూడగలిగిరి.

గంట కట్టుట యెట్లు? ప్రతిరక్షకములో లైసిన్ అను అమైనో ఆమ్లములు పెక్కులున్నవి. కొంచెము క్షారగుణముగల ద్రావణములో, చురుకుగా చేసిన రంజకము వాటిని అంటుకొనును. ఆ ద్రావణములో గ్లైసిన్ వంటి ఇతర అమైనో పదార్థములు ఉండరాదు. ఉన్నచో రంజకము వాటినే అంటుకొని వ్యర్థమగును. ప్రతిరక్షకము చెడిపోకుండుటకు సీసాలో కలుపు సోడియమ్ అజైడు జంతువునకు విషము. దానిని ముందుగా తొలగింపవలెను.

ఎన్ని గంటలు కట్టవలెనన్నది తరువాతి ప్రశ్న. ఒక్కొక్క ప్రతిరక్షకమునకు రెండు మొదలు నాలుగు రంజకపు అణువులు సాధారణముగా చాలును. ఆశపడి పది కట్టినచో అవి ఒకదాని వెలుగును మరియొకటి ఆర్పివేసికొనును. కొమ్మల కొసలు మూసికొనిపోయి పట్టు సడలును. కాలేయము ఆ భారమైన వస్తువును త్వరగా ఏరివేయును. ఇక అంటుకొనక మిగిలిన రంజకమును వడపోసి తీసివేయకున్న, అది తెగిపడిన గంటవలె ఆవు లేని చోట మ్రోగును.

ఇంత జాగ్రత్తపడిన తరువాతను వెలుగు అబద్ధమాడవచ్చును. చిట్టెలుకల మేతలో లూసర్న్ గడ్డి ఉన్నచో, దానిలోని పత్రహరితము ఎలుక కడుపులో ఎర్రగా వెలుగును. అది కంతియని భ్రమపడవచ్చును. అందుచే పరీక్షకు ముందు కొన్నాళ్లు ఆ గడ్డి లేని మేత పెట్టుదురు. కంతిలోని రక్తనాళములు కారుచుండును గనుక, ఏ సంబంధము లేని ప్రతిరక్షకము సైతము అక్కడ కొంత చేరును. కావున మరియొక ఎలుకకు అదే రంజకము కట్టిన సంబంధములేని ప్రతిరక్షకమును ఎక్కించి, రెండింటిని ప్రక్కప్రక్కన చూడవలెను. మొదటి ఎలుక కంతి ఎంత కాంతిమంతముగా వెలిగినను, రెండవ ఎలుక సాక్ష్యము చెప్పనిదే ఆ వెలుగునకు అర్థము లేదు. తొందరపాటుచే రెండవ ఎలుకను విడిచిపెట్టిన పరిశోధన మొదటి ఎలుక ప్రాణమును కూడ వృథాచేసినట్లే.

ప్రాణమని మేము ఊరక అనలేదు. పూర్వము కంతి పెరుగుదలను తెలిసికొనుటకు మొదటినాడు కొన్నింటిని, మూడవనాడు కొన్నింటిని చంపి కోసి చూడవలసివచ్చెడిది. ఇప్పుడు మత్తునిచ్చి నిద్రపుచ్చిన అదే ఎలుకను ఒకటవ, రెండవ, మూడవ దినములందు చూడవచ్చును. ప్రతిరక్షకము రక్తమునుండి నెమ్మదిగా తొలగును. తొలిగంటలలో దేహమంతయు మసకగా వెలుగును. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట కంతి ప్రత్యేకముగా కనబడును. అయితే ఈ కిటికీ లోతైనది కాదు. సెంటీమీటరు లోతునకు పోవుసరికే వెలుగు చెదరి, అంచులు మసకబారును. చిట్టెలుక చిన్నది గనుక సరిపోయినది. మనుష్య దేహమును వెలుపలినుండి ఇట్లు చూచుట సాధ్యము కాదు.

కాని శస్త్రవైద్యుడు దేహమును తెరచినప్పుడు ఆ అడ్డు చాలవరకు తొలగును. క్యాన్సరు శస్త్రచికిత్సలో కత్తి ఎక్కడ ఆగవలెనన్నది కఠినమైన ప్రశ్న. తక్కువ కోసిన వ్యాధి మిగులును. ఎక్కువ కోసిన రోగి మాటయో, మ్రింగుటయో పోవచ్చును. 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో అమెరికా వైద్యులు తల, మెడ భాగములందు క్యాన్సరు సోకినవారికి సెటుక్సిమాబ్ అను ప్రతిరక్షకమును 800 నానోమీటర్ల సమీపమున వెలుగు రంజకముతో కట్టి ఇచ్చిరి. ఆ కాంతి కంటికి కనబడదు, కెమెరాకు కనబడును. వ్యాధిగ్రస్తమైన భాగము ఆ తెరమీద వెలిగినది.

అట్టి తెరను చూచి కత్తి కదపవలసివచ్చు దినమున, ప్రయోగశాలలో ఎవరో వడపోసి తీసివేసిన మిగులు రంజకము, ఎవరో ఓపికతో చూచిన రెండవ ఎలుక ఆ మంచముమీది మనిషికి రక్షగా నిలుచును. వారు చూడక విడిచినది ఏదైన ఉన్నచో దాని వెల చెల్లించువాడును ఆ మనిషియే.