జిగురుకు ఆగనిది



ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడే ఊరు మన రాజపాళయం. 1936 నుంచి మిల్లులున్న ఊరికి షాఫ్టంటే ఏమిటో వివరించక్కర్లేదు. అందుకే ఇవాళ ఒక షాఫ్టు కథ.

రైట్ సోదరుల సైకిల్ షాపు అమెరికాలోని డేటన్‌లో ఉండేది. 1903 విమానం భాగాలు అక్కడే చేశారు గానీ, మొత్తం బిగించి చూసే చోటు ఆ షాపులో లేదు. పెట్టెల్లో సర్ది కిటీ హాక్ ఇసుకతిన్నెలకు పంపి, అక్కడి షెడ్డులో బిగించారు. నవంబరులో ఇంజను తిప్పగానే ప్రొపెల్లర్ షాఫ్టులు దెబ్బతిన్నాయి. డేటన్‌కు పంపితే మెకానిక్ చార్లీ టేలర్ బాగుచేసి తిప్పి పంపాడు. ఈసారి స్ప్రాకెట్లు వదులయ్యాయి. అన్నదమ్ములు సైకిల్ టైర్లు అతికించే జిగురు తీసి, పూసి, బిగించారు. ఆగింది!

కొద్దిరోజులకే ఒక షాఫ్టులో పగులు కనబడింది. చలి ముదురుతోంది, జిగురు అందుబాటులోనే ఉంది. అయినా ఆర్విల్ డేటన్‌కు రైలెక్కాడు. బోలు గొట్టాలు మానేసి, స్ప్రింగ్ స్టీలు కడ్డీలతో కొత్త షాఫ్టులు చేయించుకుని డిసెంబరు 11న తిరిగొచ్చాడు. 14న విల్బర్ ఎగరబోయి నేలకు తగిలితే ముందువైపు చుక్కాని కర్రలు విరిగాయి. వాటిని మాత్రం అక్కడే సరిచేసుకున్నారు. 17న ఎగిరారు. మొదటిసారి 12 సెకన్లు, నాలుగోసారి 59.

నాకైతే ఆ 12 సెకన్ల కన్నా ఆర్విల్ రైలు ప్రయాణం మీదే గౌరవం ఎక్కువ. స్ప్రాకెట్ వదులైతే లోపం పట్టులో ఉన్నట్టు. గొట్టం పగిలిందంటే లోపం డిజైన్‌లోనే ఉంది. ఇంజను కుదుపులకు అది చాలలేదు. ఈ తేడా వాళ్లకు పుస్తకం చూడకుండా తెలిసింది, ప్రతి భాగమూ తమ చేతుల మీదుగా వచ్చింది కనుక.

చేసిన చోటే ఎగరలేని చిక్కు మన దేశంలోనూ ఒకరికి ఎదురైంది. పైలట్ అమోల్ యాదవ్ ముంబై కాందివలిలో డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. డాబా మీంచి ఎగరలేం కదా! విడదీసి దించి, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. ఎగిరే పరీక్షలకు ధూళే విమానాశ్రయం దాకా వెళ్లాల్సి వచ్చింది. విప్పే వీలు లేకుండా కట్టి ఉంటే అది డాబా దిగేదే కాదు.

విద్యార్థులారా, మీలో కొందరు ఇక్కడి మిల్లుల్లో, కొందరు కోయంబత్తూరు ఫ్యాక్టరీల్లో చేరతారు. అక్కడ మీకు అలవాటైన లేత్ ఉండదు. షిఫ్టు మాత్రం ఆగకూడదంటారు. ఏదో ఒక రాత్రి షాఫ్టు పగులుతుంది, ఎవరో జిగురు డబ్బా అందిస్తారు. మిషన్ ఆపించి, పగులు సంగతి లాగ్‌బుక్‌లో రాయండి. తిట్లు పడతాయి, పడండి. పాత ఫిట్టర్లలో ఒకరిద్దరైనా మీ పక్కన నిలబడతారు.