రాకెట్ కంపెనీ షేరు మనం కొనగలమా?

2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ లేచింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసిన తొలి రాకెట్ అది. దాదాపు 89 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. తయారుచేసింది 2018లో హైదరాబాదులో పుట్టిన స్కైరూట్. మన తెలుగు కుర్రాళ్ల పని, గర్వంగా ఉంటుంది. గజపతినగరం లాంటి ఊళ్లలో చిన్న మొత్తాలు దాచుకునేవారికీ ఆ షేరు కొనాలనిపించడం సహజం.

కానీ స్కైరూట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మొదలైంది. చట్టం ప్రకారం అలాంటి కంపెనీలో, ఉద్యోగులను మినహాయిస్తే, వాటాదారులు 200 మందికి మించకూడదు. షేర్లు కొనమని జనాన్ని పిలవకూడదు. కాబట్టి "ఇలాంటి కంపెనీ షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టు కాకముందే ఇప్పిస్తాం" అని ఫోనులో ఎవరైనా అంటే డబ్బు పంపకండి. లిస్టు కాని కంపెనీల షేర్లు అమ్మే అనుమతిలేని వేదికల గురించి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 డిసెంబరులోనే హెచ్చరించింది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కొత్త ఇంజినీరింగ్ కంపెనీకి అమ్మకాలకన్నా ఖర్చు ముందొస్తుంది. డబ్బు కోసం కొత్త షేర్లు జారీచేస్తుంది. 100 షేర్లలో మీవి 10 అయితే మీ వాటా పదో వంతు. మరో 100 జారీ అయ్యాయంటే ఇరవయ్యో వంతే. ధర పెరిగిందన్న వార్త కన్నా ఈ లెక్క ముఖ్యం.

లిస్టయిన కంపెనీ అయితే త్రైమాసిక ఫలితాలు ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. చేతిలో ఎంత నగదుందో, ఆర్డర్లు ఎవరివో, బాకీలు వసూలవుతున్నాయో లేదో ముందుగా అవి చూడండి.