అదుపునకును అరెస్టునకును నడుమ

(పఠనమందిర సభలో చేసిన యుపన్యాసపాఠము)

 

"టాస్క్‌ఫోర్సు పోలీసులు నిందితులను అదుపులోనికి తీసికొని, తదుపరి చర్యకై స్థానిక ఠాణాకు అప్పగించిరి." నిత్యము ఇచ్చటికి వచ్చి పత్రికలు చదువు మీకు ఈ ధోరణి వాక్యము చిరపరిచితము. హైదరాబాదు వార్తల పుటలో నిది తరచుగా కానవచ్చును. చదువువారు పట్టుబడిన సొత్తెంతయో చూచి పుట త్రిప్పుదురు. మేము న్యాయవాదులము గనుక మా చూపు ఆ వాక్యమునందలి రెండు క్రియలమీదనే నిలుచును. తీసికొనుట యొకటి, అప్పగించుట యొకటి. ఈ రెంటి నడుమ గడచిన కాలమెంత? అంతవరకు ఆ మనుష్యు డెచ్చట నుండెను? ఎవరి పుస్తకమున నాతని పేరు వ్రాయబడెను? నేడు మేము చెప్పదలచినది ఇంతమాత్రమే.

నగర పోలీసు శాఖలో ప్రత్యేకదళములే యుండరాదనువారితో మేము ఏకీభవింపము. ఠాణా యధికారికి ఉత్సవముల బందోబస్తు, కోర్టు హాజరు, సమన్లు, ఇరుగుపొరుగు తగవులు, ఇన్ని పనులు నెత్తిమీద నుండగా, ఒకనాడే పదిరాష్ట్రముల బ్యాంకులలో చేతులు మారిన సొమ్ము జాడ తీయుటకు తీరిక యెక్కడిది? 2000 సంవత్సరపు ఐటీ చట్టము తనక్రింది నేరములను డీఎస్పీకి తక్కువకాని యధికారియే దర్యాప్తు చేయవలెనని విధించెను. 2008 నాటి సవరణము ఆ యధికారమును ఇన్‌స్పెక్టరునకు దింపెను. కొన్ని నేరములకు వేరు చేతులు, వేరు చదువు కావలెనని చట్టమే ఒప్పుకొన్నదన్నమాట. పెద్ద మోసములకు సెంట్రల్ క్రైమ్ స్టేషను, మాదకద్రవ్యములకు 2022లో నేర్పడిన ప్రత్యేక విభాగము, ఇవి యన్నియు ఆ యవసరమునుండి పుట్టినవే. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో మొదలైన షీ టీములను మేము మనసార మెచ్చుకొందుము. ఠాణా మెట్లెక్కుటకు జంకు బాలికకై, మఫ్టీలోనున్న పోలీసులు తామే బస్సు స్టాపుకడకు వచ్చి నిలుచుట, వేధించువానిని సాక్ష్యముతో పట్టుకొనుట, చిన్నవాడైనచో తలిదండ్రులను పిలిపించి బుద్ధి చెప్పుట, ఇది పాత ఠాణాకు చేతకాని పని.

అయినను దళములన్నియు నొకటి కావు. సెంట్రల్ క్రైమ్ స్టేషను పేరునకు తగినట్లు ఠాణాయే. అచ్చట ఎఫ్.ఐ.ఆర్. నమోదగును, డైరీ యుండును. టాస్క్‌ఫోర్సు అట్టిది కాదు. అది కమిషనరుగారి చేయి వంటిది, పట్టును, అప్పగించును. అందులకు చట్టము అడ్డు చెప్పదు, ఏలయన ఆ దళమువారును పోలీసు అధికారులే. చిక్కు వచ్చునది పుస్తకమువద్ద. కోర్టుముందు పెట్టు కాగితము ఠాణా గుమ్మమువద్ద మొదలగును. మనిషి కథ అంతకు ముందే మొదలైయుండును.

నేరపు అనుమానముమీద మనుష్యుని స్వేచ్ఛను హరించుటకు చట్టమెరిగిన మార్గము అరెస్టు. పత్రికలు వాడు 'అదుపు' అనునది దానికి ముందుండు వేరొక మెట్టుగా చట్టమెరుగదు. 1980లో నిరంజన్‌సింగ్ కేసున జస్టిస్ కృష్ణయ్యరుగారు, అరెస్టు చేయలేదు, ప్రశ్నించుటకు మాత్రమే ఉంచుకొంటిమి యను పోలీసు మాటలను చట్టమునకు ముఖము చాటుచేయుటగా త్రోసిపుచ్చిరి. 1990లో బొంబాయి హైకోర్టు, స్వేచ్ఛను అడ్డగించిన క్షణమే అరెస్టు మొదలైన క్షణమని తేల్చెను. కావున రాజ్యాంగపు 22వ అధికరణమున చెప్పిన 24 గంటలు, ప్రయాణకాలము పోగా, జీపు ఎక్కించిన నిమిషమునుండి లెక్కకు రావలెను గాని ఠాణా రైటరు కలము పట్టిన నిమిషమునుండి కాదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 58వ సెక్షనునందును ఈ 24 గంటల హద్దే యున్నది.

మా వృత్తిలో చూచిన దొకటి చెప్పెదము. ఊరి పేరు అనవసరము. ఒక మోటారు మెకానికును మంగళవారము మధ్యాహ్నము దుకాణమునుండి మఫ్టీలోని నలుగురు తీసికొనిపోయిరి. తల్లి ఆ రాత్రియు మరునాడును మూడు ఠాణాలు తిరిగినది. మూడుచోట్లను "మా వద్ద లేడమ్మా" అనిరి. వారు పలికినది అబద్ధము కాదు. నిజముగనే వారివద్ద లేడు! గురువారము తెల్లవారుజామున బస్టాండువద్ద "అనుమానాస్పదముగా సంచరించుచుండగా" పట్టుకొన్నట్లు అరెస్టు మెమో పుట్టినది. మంగళవారమునకును గురువారమునకును నడుమ ఆ బిడ్డ ప్రపంచమున ఎచ్చటను లేడన్నమాట. ఎదుటి టీ దుకాణపు కెమెరాలో నంతయు చిత్రితమై యుండెను; కోర్టు ఉత్తరువు చేతికి వచ్చునాటికి ఆ చిత్రము చెరిగిపోయినది. పోలీసులయెదుట చేసిన నేరాంగీకారము చట్టముముందు చెల్లదని ఎల్లరకు తెలిసినదే. ఆ యంగీకారమువలన దొరికిన సొత్తు మాత్రము సాక్ష్యమగును. అందుకే ఈ రెండు దినములకు అంత గిరాకి.

దీనికి మందు మనదేశమున లేకపోలేదు. 1986లో వ్రాసిన యొక లేఖను రిట్టుగా స్వీకరించి, డి.కె. బసు కేసున 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు చెప్పినదేమి? పట్టుకొనువాని పేరు, హోదా కనబడునట్లు బిళ్ల యుండవలెను. తేదీ, వేళ గల మెమో అక్కడనే వ్రాసి, ఇంటివారిచేనో, పేటలోని పెద్దమనిషిచేనో సాక్షిసంతకము చేయింపవలెను. బంధువునకు తెలియజేయవలెను. మఫ్టీ వేసికొన్నంత మాత్రమున ఈ నియమములు తొలగిపోవు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్‌సింగ్ సైనీ కేసున ప్రతి ఠాణాలోను సీసీ కెమెరాలు పెట్టుమని అదే న్యాయస్థానము ఆజ్ఞాపించుచు, ప్రశ్నించు పని ఆఫీసుగదులలో జరిపించు కేంద్రసంస్థలనుగూడ వదలలేదు. ఢిల్లీ సంస్థల గదులకు కెమెరా యుండవలసినచో, నగర ప్రత్యేకదళపు గదికి మాత్రము ఏల యుండరాదు?

ఇది మన జాడ్యము మాత్రమే యనుకొనరాదు. న్యూయార్కులో 1971నుండి వీధినేరముల దళమొకటి యుండెను. రాత్రి తమదేయని చెప్పుకొనుట వారి బిరుదువాక్యము! 1999 ఫిబ్రవరి 4న ఆ దళమువారు నలుగురు, తన యింటి గుమ్మమున నిరాయుధుడై నిలిచిన అమదూ డియాల్లో యను యువకునిపై 41 గుండ్లు కాల్చిరి. జూరీ వారిని నిర్దోషులనెను. దళము మాత్రము 2002లో రద్దయ్యెను. మెంఫిస్ నగరమున 2021లో 'స్కార్పియన్' దళము నిర్మించి, అది చేసిన అరెస్టుల సంఖ్యను నగరపాలకులు ఘనముగా చాటుకొనిరి. 2023 జనవరి 7న కారు నాపి కొట్టిన దెబ్బలకు టైర్ నికోల్సు మూడవనాడు మరణించెను. కొట్టినవారును నల్లజాతివారే, చచ్చినవాడును నల్లజాతివాడే. జాతి యొక్కటే కారణమనువారు దీనిని గమనింతురుగాక. పోలీసుల తొలి ప్రకటనలో నది ఘర్షణగా మాత్రమే వినబడెను. స్తంభముమీది కెమెరా వేరుగా చెప్పినది. ఆ చిత్రము లోకము చూచిన మరునాడే, జనవరి 28న, దళము రద్దయ్యెను. అరెస్టుల సంఖ్యను బట్టి మెప్పు, పైవాని కన్ను తప్పు, రెండును కలిసినచోట న్యూయార్కయిన నేమి, మన పేట యయిన నేమి?

దళమునకు అవసరము తీరినను ఆయుష్షు తీరదు. లండనులో 1883లో ఐరిష్ బాంబులకై పెట్టిన శాఖ, పేరులో 'ఐరిష్' పోయినను, 2006వరకు బ్రతికెను. కావున రద్దు చేయుడని కేకవేయుటకంటె, ఉన్నంతకాలము పుస్తకము పెట్టుడని యడుగుట మేలు. ప్రతి ప్రత్యేకదళపు ఆఫీసునందును రాకపోకల వేళలు వ్రాయు పుస్తకముండవలెను. దానిని మేజిస్ట్రేటు ఎప్పుడైనను తెప్పించి చూడవలెను. మనిషిని ఎక్కించుకొన్న నిమిషముననే సమీప ఠాణా డైరీలోను, సంహిత 37వ సెక్షను చెప్పు జిల్లా కంట్రోలురూములోను అది నమోదు కావలెను. దళమువారిలో నిజాయితీపరులకు దీనివలన నష్టమేమియు లేదు, అపనింద తప్పును. పత్రికాసోదరులును ఒక యుపకారము చేయవచ్చును: అప్పగించిరని వ్రాయునపుడు, పట్టుకొన్న వేళయు, అప్పగించిన వేళయు అడిగి రెంటిని అచ్చువేయుట.

ఇక మన పని. మీ వీధిలో ఎవరినైనను తీసికొనిపోయినచో వేళయు, బండి నంబరును, బిళ్లపై పేరును వ్రాసికొనుడు. ఏ ఠాణాకని అడుగుడు. సమీప దుకాణపు కెమెరా చిత్రమును ఆ దినమే నకలు తీయించి భద్రపరచుడు. ప్రశ్నించుచున్నంతసేపును కాకపోయినను, ఆ నడుమ వకీలును కలిసికొను హక్కు 38వ సెక్షనున కలదు; రుసుము నీయలేనివారు న్యాయసేవాసంస్థవారి 15100 నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ నంబరును, పేటలో రాత్రివేళ పిలిచినను వచ్చు వకీళ్ల పేర్లను ఒక కాగితముమీద వ్రాసి, ఈ మందిరపు తలుపునకు నేటి సాయంత్రమే అంటింతము. మొదటి పేరు మాది వ్రాయుడు.