కాఫీకీ ఒక వేళ ఉంది



హైదరాబాదు తార్నాకలో నిలబడి కాఫీ గురించి ఉపన్యాసం ఇవ్వడం కొంచెం సాహసమే. ఇది ఇరానీ చాయ్ ఊరు. రోడ్డు మీద కాఫీ అడిగితే చాలాచోట్ల పొడి పాకెట్టు చింపి వేడి పాలల్లో కలిపి ఇస్తారు. ఇళ్లల్లో సంగతి వేరు. కోస్తా నుంచి, సీమ నుంచి వచ్చి ఈ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాల్లో పొద్దున లేవగానే డికాషన్ దిగాల్సిందే. చాయ్ తాగేవాళ్లు మాత్రం ఈ సభ మనది కాదని లేచి వెళ్లకండి. ఒక విషయంలో కాఫీకన్నా చాయ్ మీదే నాకు ఎక్కువ ఫిర్యాదు ఉంది. అక్కడికి వస్తాను.

పోషకాహారం చదువుకున్నవాడినని తెలియగానే జనం నన్ను మొదట అడిగేది 'కాఫీ మంచిదా, చెడ్డదా?' అని. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు రెండు మూడు కప్పుల వల్ల భయపడాల్సింది పెద్దగా లేదు. మనం తప్పు చేస్తున్నది ఎంత తాగుతున్నామనే దగ్గరకన్నా, ఏ వేళకు తాగుతున్నామనే దగ్గర. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు లెక్క చూద్దాం. ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. యూనివర్సిటీ పుట్టిన 1918లోనే అదీ పుట్టింది, కాకపోతే ఇక్కడ కాదు. నీలగిరి కొండల్లో, కూనూరులో, మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు పెట్టుకున్న ఒక్క గది అది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. భారతీయులు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే మార్గదర్శకాలను ఆ సంస్థ 2024లో కొత్తగా విడుదల చేసింది. వాటి ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, కప్పు టీలో 30 నుంచి 65.

అంటే చిక్కటి డికాషన్ కాఫీ మూడు కప్పులు తాగితే హద్దు దగ్గరికి వచ్చినట్టే. ఇక్కడ చికోరీ సంగతి కూడా చూడాలి. మన పొడుల్లో చాలావాటిలో చికోరీ కలుస్తుంది, చట్టం ప్రకారం 49 శాతం దాకా కలపవచ్చు. చికోరీ వేరులో కెఫీన్ ఉండదు. మీరు కొనే పాకెట్టు వెనుక ఎంత శాతమో అచ్చు వేసి ఉంటుంది, ఈసారి చూడండి. పైగా మన గ్లాసులో సగానికి పైగా పాలు. పాశ్చాత్య పరిశోధనల్లో 'రోజుకు మూడు నాలుగు కప్పులు' అని కనిపిస్తే అది మన ఇంటి కప్పు అనుకోవద్దని చెప్పేది ఇందుకే.

కెఫీన్ ఏం చేస్తుంది? మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన సీట్లలో కూర్చుంటే మనకు నిద్ర వస్తుంది. కెఫీన్ వచ్చి ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేసినట్టు ఆ సీట్లు ఆపేస్తుంది. అడినోసిన్ దిగిపోదు, నిలబడే ఉంటుంది. కెఫీన్ తన స్టేజీలో దిగగానే నిలబడ్డవాళ్లందరూ ఒక్కసారిగా కూర్చుంటారు. పరీక్షల ముందు రాత్రి కాఫీ మీద నెట్టుకొచ్చిన విద్యార్థికి తెల్లవారుజామున హఠాత్తుగా కళ్లు మూతలు పడేది అందుకే.

ఆ దిగే స్టేజీ మనం అనుకున్నంత దగ్గర్లో లేదు. ఒంట్లోని కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి ఇంకా సగం మిగిలే ఉంటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకోబోయే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గింది. లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు ఇక్కడ కొందరు కనిపిస్తున్నారు. సాయంత్రం అయ్యాక కాఫీ వద్దు నాయనా. చదివింది మనసులో నిలవాలంటే నిద్ర కావాలి.

ఈ ఐదు గంటల లెక్క అందరికీ ఒకటి కాదు. సిగరెట్ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో కరిగిపోతుంది. సిగరెట్ మానేసిన వారానికి 'అదే కాఫీ, ఇప్పుడెందుకు గుండె దడ?' అని కొందరు అడుగుతారు. జవాబు ఇదే. సిగరెట్ మానండి, కాఫీ కూడా కాస్త తగ్గించుకోండి. గర్భిణుల్లో దీనికి తలకిందులు. చివరి నెలల్లో కెఫీన్ సగానికి తగ్గడానికి పదిహేను గంటల దాకా పట్టవచ్చు. అందుకే చాలా దేశాల్లో వాళ్లకు రోజుకు 200 మిల్లీగ్రాములే హద్దు.

ఇక క్యాన్సర్ భయం. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం కాఫీని మూత్రాశయ క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న జాబితాలో పెట్టింది. 2016లో సాక్ష్యాలన్నీ మళ్లీ చూసి ఆ జాబితాలోంచి తీసేసింది. అప్పుడే 65 డిగ్రీలకు మించిన వేడితో ఏది తాగినా అన్నవాహికకు ముప్పు కావచ్చని చెప్పింది. పొగలు కక్కేదాన్ని గటగటా తాగడం గొప్ప అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద సమీక్ష రోజుకు మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లలో మరణాలు, కాలేయ జబ్బులు, మధుమేహం తక్కువగా కనిపించాయని తేల్చింది. సంతోషమే. కానీ అవి చాలావరకు జనాన్ని గమనించి రాసుకున్న లెక్కలు. జబ్బుపడ్డవాళ్లు కాఫీ మానేస్తారు, మిగిలినవాళ్లు ఆరోగ్యంగా కనిపిస్తారు. పైగా కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకుని, రోజుకు నాలుగు కప్పులు తాగి, షుగర్ రాకుండా కాఫీ కాపాడుతుందంటే నేను ఒప్పుకోను. ఆ పంచదారే 40 గ్రాములు అవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఈ హాల్లో కూర్చున్న ఆడవాళ్లలో కూడా చాలామందికి ఉండి ఉంటుంది, తెలియకపోవచ్చు. మనకు ఐరన్ ఎక్కువగా దొరికేది ఆకుకూరలు, పప్పులు, రాగులు, జొన్నల నుంచి. మాంసంలోని ఐరన్ సులువుగా ఒంటబడుతుంది, మొక్కల నుంచి వచ్చే ఈ ఐరన్ అలా కాదు. భోజనంలో పక్కన ఏముందో చూసుకుని మరీ ఒంటబడుతుంది. నిమ్మకాయ ఉంటే ఎక్కువ, కాఫీ టీలు ఉంటే తక్కువ. వాటిలోని పాలీఫినాల్స్ ఐరన్‌ను పట్టుకుని పేగు దాటనివ్వవు.

1983లో అమెరికాలో మాంసం ఉన్న భోజనంతోనే పరీక్ష చేశారు. కాఫీతో తింటే ఒంటబట్టే ఐరన్ 39 శాతం తగ్గింది, టీతో తింటే 64 శాతం. నా ఫిర్యాదు చాయ్ మీద ఎందుకో అర్థమైందిగా! ఆ పరీక్షలోనే ఇంకో సంగతి తేలింది. తినడానికి గంట ముందు తాగిన కాఫీ ఏ నష్టమూ చేయలేదు. తిన్న గంటకు తాగితే మాత్రం భోజనంతో కలిపి తాగినంత నష్టమూ జరిగింది. 'మేం పాలు పోసుకుంటాం కదండీ' అంటారు. పాలు పోసినా తేడా పెద్దగా రాదని 1999లో పరీక్షించి చూశారు. తినడానికి గంట ముందు, తిన్న గంట తర్వాత దాకా టీ కాఫీలు వద్దని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రక్తహీనత ఉన్నవాళ్లు తిన్న తర్వాత ఆ గంటను రెండు గంటలు చేసుకోవాలని నా సలహా.

రక్తహీనతకు కాఫీయే కారణమని నేను అనడం లేదు. చాలని తిండి, నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు, ఇవన్నీ ఉన్నాయి. కానీ మధ్యాహ్నం గోంగూర పప్పుతో అన్నం తిని, చెయ్యి కడుక్కుని వెంటనే స్టవ్ మీద పాలు పెట్టే అలవాటు మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఉప్మాతో పాటే కాఫీ తాగే ఇళ్లల్లో కాఫీని ముందుకు జరిపితే చాలు. లేవగానే తాగే కాఫీ కడుపులో మంట లేనివాళ్లకు ఏ ఇబ్బందీ పెట్టదు.

వేళకు సంబంధించినవే ఇంకొన్ని చిన్న జాగ్రత్తలు. బీపీ చూపించుకోబోయే అరగంట ముందు కాఫీ తాగకండి, అంకె పెరిగి కనిపిస్తుంది. ఉపవాసం రోజు తలనొప్పి వస్తే ఆకలి ఒక్కటే అనుకోకండి, కాఫీ అందనందుకూ రావచ్చు. రంజాన్ నెలకు ముందే రోజూ కాస్త కాస్త తగ్గించుకుంటూ వచ్చేవాళ్లు తెలివైనవాళ్లు.

ఆఖరుగా మాత్రల మాట. థైరాయిడ్ మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగితే మందు సరిగా ఒంటబట్టదు. ఐరన్ మాత్రదీ అదే కథ. మాత్ర నీళ్లతో వేసుకోండి, కాఫీ థైరాయిడ్ మాత్రకైతే గంట, ఐరన్ మాత్రకైతే రెండు గంటలు ఆగాక తాగండి. మీ ఇంట్లో, మీ ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ఇంట్లో, ఎవరైనా ఐరన్ మాత్ర చాయ్‌తో మింగుతున్నారేమో ఈ సాయంత్రమే అడగండి. మింగుతుంటే ఆపండి.